పవర్ ఎలక్ట్రానిక్స్‌ను సిమ్యులేషన్‌తో నేర్పడం ఎలా? ల్యాబ్ టీచర్లకు అంచెలంచెలుగా

అనంతపురం, కర్నూలు, కడప చుట్టుపక్కల కాలేజీల్లో ట్రిపుల్ ఈ చెప్పే జూనియర్ లెక్చరర్లు ఎక్కడ కలిసినా దాదాపు ఇదే అడుగుతున్నారు. ‘సాఫ్ట్‌వేర్ వేశాం సార్. పిల్లలు సర్క్యూట్ గీస్తున్నారు, వేవ్‌ఫామ్ వస్తోంది, ప్రింట్ తీసి రికార్డులో అంటిస్తున్నారు. వైవాలో అది అలా ఎందుకుందని అడిగితే మాత్రం నోరు మెదపరు. ఏం చేయాలి?’

తప్పు పిల్లలది కాదు, సాఫ్ట్‌వేర్‌దీ కాదు. మనం చేయించే వరస తప్పు. రన్ బటన్ మొదట, ఆలోచన తర్వాత అయితే ఆ ఆలోచన ఎప్పటికీ రాదు. కింద రాసినదంతా ఆ వరసను సరిచేయడం గురించే. బక్ కన్వర్టర్‌ను (డీసీ వోల్టేజ్‌ను తగ్గించే సర్క్యూట్) ఉదాహరణగా తీసుకుని మొదటి నుంచి చివరి దాకా చూపిస్తాను. మిగతావి దాని దారిలోనే నడుస్తాయి.

1. ఏది సిమ్యులేషన్‌లో, ఏది బెంచీ మీద

ల్యాబ్ సిలబస్‌లో ఉన్న ప్రతి ఎక్స్‌పరిమెంట్‌నూ సిమ్యులేషన్‌లోకి ఎక్కించాల్సిన పని లేదు. ఎస్‌సీఆర్ (గేట్ పల్స్‌తో ఆన్ అయ్యే డివైస్) వీ-ఐ క్యారెక్టరిస్టిక్స్, గేట్ ట్రిగ్గరింగ్ సర్క్యూట్లు బెంచీ మీదే చేయించండి. పొటెన్షియోమీటర్ తిప్పుతుంటే బల్బు వెలుగు తగ్గడం కళ్లారా చూడాలి.

సిమ్యులేషన్ బాగా పనికొచ్చేది మూడు చోట్ల. విలువలు మార్చి మార్చి చూడాల్సినవి, అంటే బక్, బూస్ట్ (వోల్టేజ్ పెంచేది), ఫుల్ కన్వర్టర్ (ఎస్‌సీఆర్‌లతో ఏసీని డీసీ చేసేది) లాంటివి. బెంచీ మీద చేస్తే డివైస్ కాలిపోయేవి. సీఆర్‌వోతో (ఆసిలోస్కోప్) తేలిగ్గా కొలవలేనివి, అంటే ఇండక్టర్ కరెంట్, డయోడ్‌లో పోయే పవర్.

ప్రశ్నను పిల్లలు ఎరిగిన చోటు నుంచి ఎత్తుకోండి. మన క్లాసుల్లో సగం మంది ఇళ్లలో బోరు మోటారు ఉంటుంది, కొందరి పొలాల్లో సోలార్ పంపుసెట్ కూడా ఉంటుంది. కర్నూలు పిల్లలైతే గని, శకునాల దగ్గరి 1000 మెగావాట్ల సోలార్ పార్కు పక్కనుంచి పోయి వచ్చినవాళ్లే. మబ్బు పట్టగానే ప్యానెల్ నుంచి వచ్చే కరెంట్ పడిపోతుంది, పంపు నెమ్మదిస్తుంది. ఆ మధ్యలో ఉన్న పెట్టెలో ఏం జరుగుతోంది? ఈ ప్రశ్నతో మొదలుపెడితే డ్యూటీ రేషియో (ఒక సైకిల్‌లో స్విచ్ ఆన్‌లో ఉండే వాటా) అంటే ఏంటో విడిగా చెప్పాల్సిన అవసరం చాలా తగ్గుతుంది.

2. సాఫ్ట్‌వేర్ ఎంపిక

దీని మీద జరిగే చర్చ అవసరానికి మించి జరుగుతుంది. నా లెక్క ఇది.

- డీసీ-డీసీ కన్వర్టర్లకు, డివైస్ స్విచింగ్ దగ్గరగా చూడాలంటే: ఎల్‌టీస్పైస్. ఉచితం. పాత కంప్యూటర్ల మీద కూడా బాగా నడుస్తుంది. పిల్లలు తమ ల్యాప్‌టాప్‌లో వేసుకోవచ్చు, లైసెన్స్ గొడవ లేదు.
- ఎస్‌సీఆర్ కన్వర్టర్లకు, ఇన్వర్టర్లకు: కాలేజీకి లైసెన్స్ ఉంటే పీసిమ్ లేదా సిమ్యులింక్. పీసిమ్‌లో ఫైరింగ్ యాంగిల్‌ను (ఏసీ సైకిల్‌లో ఎస్‌సీఆర్‌ను ఆన్ చేసే కోణం) నేరుగా డిగ్రీల్లో ఇవ్వొచ్చు. మొదటిసారి చేసేవాళ్లకు అది పెద్ద సుఖం.
- పూర్తిగా ఓపెన్ సోర్స్ కావాలంటే: ఐఐటీ బాంబే ఫాసీ ప్రాజెక్టు వాళ్ల ఈసిమ్. లోపల పనిచేసేది ఎన్‌జీస్పైస్ అనే సిమ్యులేటర్.

ఒక సెమిస్టర్‌కు ఒకటే సాఫ్ట్‌వేర్, తప్పనిసరి అయితే రెండు. అంతకు మించితే పిల్లలు మెనూలు నేర్చుకుంటారు, కన్వర్టర్లు నేర్చుకోరు. లైసెన్స్ లేని కాపీలు మాత్రం వేయించకండి. ఎల్‌టీస్పైస్ ఉండగా ఆ అవసరం లేదు.

3. ల్యాబ్‌కు ముందు మీరు చేసుకోవాల్సింది

- సర్క్యూట్‌ను మీరే మొదటి నుంచి గీసి, ల్యాబ్‌లోని కంప్యూటర్ మీదే రన్ చేసి చూడండి. మీ ల్యాప్‌టాప్‌లో నడిచిందని ల్యాబ్‌లో నడవాలని లేదు.
- అన్ని కంప్యూటర్లలో ఒకే వెర్షన్ ఉందో లేదో చూడండి. ల్యాబ్ అసిస్టెంట్‌తో కలిసి ముందు రోజే చూసుకుంటే మంచిది.
- మామూలు లైబ్రరీలో లేని డివైస్ మోడల్ వాడుతుంటే, ఆ ఫైల్‌ను అన్ని సిస్టమ్‌లలో ఒకే ఫోల్డర్‌లో పెట్టించండి. ఎల్‌టీస్పైస్‌లో ఎస్‌సీఆర్ మోడల్‌ను సాధారణంగా బయటి నుంచి తెచ్చుకోవాల్సి వస్తుంది.
- గీసి సిద్ధంగా ఉన్న సర్క్యూట్ ఫైల్‌ను పిల్లలకు ఇవ్వకండి. విలువలు లేని స్కెచ్ కాగితం మీద ఇవ్వండి, చాలు.
- సిస్టమ్‌కు ఇద్దరు. ముగ్గురైతే మూడోవాడు ఫోన్ చూసుకుంటాడు.
- ఒక్కో జంటకు ఒక్కో ఇన్‌పుట్ వోల్టేజ్ లేదా లోడ్ ఇవ్వండి. అప్పుడు పక్క సిస్టమ్ నుంచి ప్రింట్ ఎత్తుకోవడం కుదరదు.
- కరెంట్ పోతే చేసిన పని పోకుండా, సర్క్యూట్ గీయగానే సేవ్ చేయడం అలవాటు చేయించండి. యూపీఎస్ ఉందిలే అని ధీమాగా ఉండొద్దు.

4. రన్ నొక్కే ముందు చేతిలెక్క

ఈ గైడ్‌లో ఒక్క అంచె మాత్రమే పాటించే తీరిక ఉందంటే, ఇది పాటించండి. అబ్జర్వేషన్ బుక్‌లో చేతిలెక్క, చేత్తో గీసిన వేవ్‌ఫామ్ లేకుండా ఎవరినీ కంప్యూటర్ ముందు కూర్చోనివ్వకండి. మొదటి రెండు వారాలు సణుగుతారు. తర్వాత అలవాటవుతుంది.

బక్ కన్వర్టర్‌కు ఈ విలువలు తీసుకోండి:

- ఇన్‌పుట్ 24 వోల్టులు, అవుట్‌పుట్ 12 వోల్టులు
- లోడ్ 6 ఓమ్‌లు, అంటే 2 ఆంపియర్లు, 24 వాట్లు
- స్విచింగ్ ఫ్రీక్వెన్సీ 50 కిలోహెర్ట్జ్, అంటే ఒక సైకిల్ 20 మైక్రోసెకన్లు
- ఇండక్టర్ కరెంట్ రిపుల్ (పైకీ కిందికీ ఊగే మేర) 0.4 ఆంపియర్లు

డ్యూటీ రేషియో 12ను 24తో భాగిస్తే వచ్చేది, అంటే 0.5. స్విచ్ ఆన్‌లో ఉన్న 10 మైక్రోసెకన్ల పాటు ఇండక్టర్ మీద 24 నుంచి 12 తీసేసిన 12 వోల్టులు ఉంటాయి. 12ను 10 మైక్రోసెకన్లతో గుణించి 0.4తో భాగిస్తే ఇండక్టెన్స్ 300 మైక్రోహెన్రీలు.

కెపాసిటర్ 100 మైక్రోఫారడ్లు పెడదాం. కరెంట్ రిపుల్‌ను ఎనిమిది రెట్ల ఫ్రీక్వెన్సీ, కెపాసిటెన్స్‌ల లబ్ధంతో భాగిస్తే వోల్టేజ్ రిపుల్ వస్తుంది. ఇక్కడ అది 10 మిల్లీవోల్టులు.

ఇప్పుడు గీయించండి: స్విచ్ నోడ్ వోల్టేజ్, ఇండక్టర్ వోల్టేజ్, ఇండక్టర్ కరెంట్, డయోడ్ కరెంట్. నాలుగూ ఒకదాని కింద ఒకటి, ఒకే టైమ్ యాక్సిస్ మీద. ఇండక్టర్ కరెంట్ 1.8 నుంచి 2.2 ఆంపియర్ల మధ్య పైకీ కిందికీ పోవాలి. ఈ అంకెలు బొమ్మ మీద రాయించండి. అంకెలు లేని వేవ్‌ఫామ్‌కు సంతకం పెట్టొద్దు.

5. సర్క్యూట్ గీయించే వరస

మొదటిసారి మాస్‌ఫెట్ (గేట్ వోల్టేజ్‌తో ఆన్ అయ్యే ట్రాన్సిస్టర్ స్విచ్) వద్దు. వోల్టేజ్‌తో పనిచేసే ఆదర్శ స్విచ్, ఆదర్శ డయోడ్ పెట్టించండి. ఆన్ రెసిస్టెన్స్ 10 మిల్లీఓమ్‌లు, ఆఫ్ రెసిస్టెన్స్ 1 మెగాఓమ్ ఇస్తే సరిపోతుంది.

1. ముందు గ్రౌండ్. ఇది మరిస్తే మిగతాదంతా వృథా.
2. సోర్స్, స్విచ్, డయోడ్, ఇండక్టర్, కెపాసిటర్, లోడ్. కరెంట్ నడిచే దారి ఎడమ నుంచి కుడికి కనిపించేలా.
3. నోడ్‌లకు పేర్లు: ‘ఇన్’, ‘స్విచ్’, ‘అవుట్’. పేర్లు పెట్టకపోతే ‘ఎన్ 003 ఏది సార్’ అని మిమ్మల్నే అడుగుతారు.
4. గేట్ పల్స్: పీరియడ్ 20 మైక్రోసెకన్లు, ఆన్ టైమ్ 10 మైక్రోసెకన్లు. రైజ్, ఫాల్ టైమ్‌లు 10 నానోసెకన్లు అని స్పష్టంగా రాయాలి. సున్నా పెడితే ఎల్‌టీస్పైస్ తనకు తోచిన విలువ వేసుకుంటుంది. డ్యూటీ ఎందుకు తేడాగా ఉందో తర్వాత అర్థం కాదు.

ఇది నడిచాక స్విచ్ తీసి మాస్‌ఫెట్ పెట్టించండి. ఇక్కడే క్లాసులో సగం మంది పడిపోతారు. కిట్ మాన్యువల్‌లో చూసినట్టుగా గేట్‌కు పల్స్ ఇచ్చే సోర్స్ రెండో కొసను గ్రౌండ్‌కు కలిపి 10 వోల్టుల పల్స్ ఇస్తారు. అవుట్‌పుట్ 12 రాదు, సుమారు 3 వోల్టుల దగ్గర ఆగిపోతుంది.

అప్పుడు వెంటనే చెప్పేయకండి. ‘మాస్‌ఫెట్ ఆన్ కావాలంటే గేట్‌కూ సోర్స్‌కూ మధ్య ఎంత ఉండాలి? ఇప్పుడు ఎంత ఉందో ప్లాట్ చెయ్యి’ అనండి. స్విచ్ ఆన్ కాగానే సోర్స్ టెర్మినల్ పైకి లేస్తుంది. గేట్ 10 దగ్గరే ఉంటుంది కాబట్టి సోర్స్ 6 వోల్టుల ప్రాంతం దాటలేదు. మిగతా 18 వోల్టులూ మాస్‌ఫెట్ మీదే పడి వేడిగా పోతాయి. ఆ ట్రేస్ చూసిన పిల్లవాడికి బూట్‌స్ట్రాప్ డ్రైవర్ (సోర్స్‌తో పాటు గేట్‌నూ పైకి లేపేది) ఎందుకో ఇక చెప్పక్కర్లేదు. సరిచేయడానికి పల్స్ సోర్స్ రెండో కొసను మాస్‌ఫెట్ సోర్స్‌కు కలిపితే చాలు.

6. ఎంతసేపు నడపాలి, టైమ్ స్టెప్ ఎంత

రెండు సూత్రాలు చాలు. మ్యాగ్జిమమ్ టైమ్ స్టెప్ స్విచింగ్ పీరియడ్‌లో 200వ వంతు, అంటే ఇక్కడ 100 నానోసెకన్లు. రన్ టైమ్ మాత్రం స్విచింగ్ పీరియడ్‌ను బట్టి కాదు, ఫిల్టర్‌ను బట్టి.

ఈ సర్క్యూట్‌లో ఎల్-సీ రెజొనెన్స్ 920 హెర్ట్జ్ దగ్గర ఉంటుంది. 6 ఓమ్‌ల లోడ్‌తో ఊగిసలాట అణిగే టైమ్ కాన్‌స్టంట్ 1.2 మిల్లీసెకన్లు. కాబట్టి 10 మిల్లీసెకన్లు నడిపి, చివరి 0.2 మిల్లీసెకన్లు మాత్రమే చూడాలి. అందులో సరిగ్గా పది సైకిళ్లు ఉంటాయి.

ఒకసారి మాత్రం మొదటి 2 మిల్లీసెకన్లు కూడా చూపించండి. అవుట్‌పుట్ 12 దగ్గర ఆగకుండా 19 వోల్టుల దాకా ఎగురుతుంది, ఇండక్టర్ కరెంట్ 2కు బదులు దాదాపు 7 ఆంపియర్లు తాకుతుంది. స్విచ్ వేయగానే ఫ్యూజ్ ఎందుకు పోతుందో, సాఫ్ట్ స్టార్ట్ (డ్యూటీని మెల్లగా పెంచుతూ మొదలుపెట్టడం) ఎందుకు పెడతారో ఆ ఒక్క తెర మీదే ఉంది.

7. వేవ్‌ఫామ్ చదివించడం

పిల్లలు మొదట ప్లాట్ చేసేది అవుట్‌పుట్ వోల్టేజ్. అది ఒక తిన్నని గీత, దాన్నుంచి నేర్చుకునేది ఏమీ లేదు. వరస ఇలా మార్చండి:

- గేట్ పల్స్, దాని కింద స్విచ్ నోడ్. రెండూ ఒకేసారి మారుతున్నాయా?
- ఇండక్టర్ వోల్టేజ్. ఎల్‌టీస్పైస్‌లో కంట్రోల్ నొక్కి ట్రేస్ పేరు మీద క్లిక్ చేస్తే సగటు వస్తుంది. పూర్తి సైకిళ్లు మాత్రమే తెర మీద ఉండాలి. సగటు సున్నాకు దగ్గరగా ఉందా?
- కెపాసిటర్ కరెంట్. దీని సగటు కూడా సున్నానేనా?
- ఇండక్టర్ కరెంట్. కనిష్ఠం, గరిష్ఠం చేతిలెక్కతో కలుస్తున్నాయా?
- చివరగా అవుట్‌పుట్, రిపుల్ కనిపించేంత జూమ్ చేసి.

రెండో, మూడో ప్రశ్నలకు ‘అవును’ రాకపోతే సర్క్యూట్ ఇంకా స్థిరపడలేదన్నమాట. రన్ టైమ్ పెంచాలి. వోల్ట్-సెకండ్ బ్యాలెన్స్‌ను (స్థిరపడ్డాక ఇండక్టర్ వోల్టేజ్ సగటు సున్నా అన్న సూత్రం) బోర్డు మీద ఎన్నిసార్లు రాసినా రాని నమ్మకం ఇక్కడ వస్తుంది.

అసలు డయోడ్ పెట్టాక అవుట్‌పుట్ 11.7 వోల్టుల చుట్టూ వస్తుంది. ‘తప్పు వచ్చింది సార్’ అంటారు. తప్పు కాదు. డయోడ్ నడిచే సగం సమయంలో దాని మీద అర వోల్టు పైన పోతోంది, దాని సగం తగ్గింది. ఈ తేడాను లెక్క వేసి చూపించమనండి. ఇక్కడే పవర్ లెక్క కూడా: 50 మిల్లీఓమ్‌ల మాస్‌ఫెట్‌లో కండక్షన్ లాస్ 0.1 వాట్, డయోడ్‌లో అర వాట్ పైమాటే. సింక్రనస్ బక్ (డయోడ్ బదులు ఇంకో మాస్‌ఫెట్ పెట్టినది) ఎందుకు పుట్టిందో ఈ రెండు అంకెలు చెబుతాయి.

8. కావాలని చెడగొట్టించడం

నడిచే సర్క్యూట్ నుంచి నేర్చుకునేది తక్కువ. అందుకే ల్యాబ్ సమయంలో మూడో వంతు దీనికి కేటాయిస్తాను. పద్ధతి ఒకటే: ఏం జరుగుతుందో ముందు రాయాలి, తర్వాత రన్ చేయాలి.

లోడ్ తగ్గించడం. 6 ఓమ్‌లు తీసి 120 ఓమ్‌లు పెట్టించండి. డ్యూటీ 0.5లో మార్పు లేదు. అవుట్‌పుట్ ఎంత అని అడిగితే క్లాసంతా ‘12’ అంటుంది. రన్ చేస్తే వచ్చేది దాదాపు 14.8 వోల్టులు.

కారణం ఇండక్టర్ కరెంట్‌లో ఉంది. రిపుల్ 0.4 ఆంపియర్లు కాబట్టి లోడ్ కరెంట్ 0.2 కంటే తగ్గితే, అంటే లోడ్ 60 ఓమ్‌లు దాటితే, సైకిల్ చివర కొంతసేపు కరెంట్ సున్నా అవుతుంది. అదే డిస్‌కంటిన్యూయస్ కండక్షన్. ‘డ్యూటీ ఇంటూ ఇన్‌పుట్’ సూత్రం అక్కడ చెల్లదు.

ఇందులో ఇంకో మెలిక ఉంది. తేలికైన లోడ్‌తో కెపాసిటర్ నెమ్మదిగా దిగుతుంది. 10 మిల్లీసెకన్లకే ఆపితే అవుట్‌పుట్ ఇంకా 15 పైనే ఉండి మెల్లగా కిందికి వస్తుంటుంది. 40 మిల్లీసెకన్లు నడిపితే గానీ 14.8 కనిపించదు. కెపాసిటర్ కరెంట్ సగటు చూసినవాళ్లు దీన్ని పట్టేస్తారు, చూడనివాళ్లు తప్పు అంకె రాసుకుంటారు. ఎవరు చూశారో మీకూ తెలిసిపోతుంది.

కెపాసిటర్‌కు సిరీస్ రెసిస్టెన్స్. 50 మిల్లీఓమ్‌లు పెట్టించండి. 0.4 ఆంపియర్ల రిపుల్‌కు దాని వాటా ఒక్కటే 20 మిల్లీవోల్టులు. ఇప్పుడు, ఆ రెసిస్టెన్స్‌ను అలాగే ఉంచి, కెపాసిటెన్స్‌ను 200 మైక్రోఫారడ్లు చేయమనండి. రిపుల్ సగం కాదు, దాదాపు అలాగే ఉంటుంది. కెపాసిటర్ కొనేటప్పుడు మైక్రోఫారడ్లు మాత్రమే చూస్తే ఎందుకు చాలదో అప్పుడు తెలుస్తుంది.

డయోడ్ తీసేయడం. ఇండక్టర్ కరెంట్‌కు దారి లేక స్విచ్ నోడ్ నెగెటివ్ వైపు ఎంత లోతుకు పోతుందో చూపించండి. కొన్నిసార్లు సిమ్యులేషనే ఆగిపోతుంది. బెంచీ మీద అయితే మాస్‌ఫెట్ పోయేది.

9. ఎస్‌సీఆర్ ఫుల్ కన్వర్టర్

సింగిల్ ఫేజ్, 230 వోల్టులు, 50 హెర్ట్జ్. ఫైరింగ్ యాంగిల్ 60 డిగ్రీలు, అంటే 3.33 మిల్లీసెకన్లు. రెండో జతకు 13.33 మిల్లీసెకన్లు. ముందు రెసిస్టివ్ లోడ్, తర్వాత 10 ఓమ్‌లు, 100 మిల్లీహెన్రీలు.

చేతిలెక్క ప్రకారం రెసిస్టివ్ లోడ్‌కు సగటు అవుట్‌పుట్ సుమారు 155 వోల్టులు, ఇండక్టివ్ లోడ్‌కు 103.5 వోల్టులు. యాంగిల్ ఒకటే, అవుట్‌పుట్ 50 వోల్టులు తగ్గింది. ఎక్కడికి పోయింది? ఇండక్టివ్ లోడ్ వేవ్‌ఫామ్‌లో సున్నా కింద ఉన్న ముక్కను చూపించమనండి. తర్వాత ఫ్రీవీలింగ్ డయోడ్ (లోడ్‌కు అడ్డంగా, ఇండక్టర్ కరెంట్‌కు దారి ఇచ్చేది) పెట్టించండి, మళ్లీ 155 వస్తుంది. ఈ మూడు రన్‌లు ఒకే కాగితం మీద ఉండాలి.

ఏసీ వోల్టేజ్ కంట్రోలర్‌లో (ఎదురెదురుగా కలిపిన రెండు ఎస్‌సీఆర్‌లు) తప్పక చేయించాల్సిన రన్ ఒకటి ఉంది. అదే లోడ్‌కు ఫేజ్ యాంగిల్ సుమారు 72 డిగ్రీలు. ఫైరింగ్ యాంగిల్ 45 పెట్టి, సన్నని ఒక్క పల్స్ ఇవ్వండి. ఒక ఎస్‌సీఆర్ మాత్రమే నడుస్తుంది, లోడ్‌కు సగం వేవ్ పోతుంది. మొదటిది ఇంకా కండక్షన్‌లో ఉండగానే రెండోదాని పల్స్ వచ్చి వెళ్లిపోతుంది కాబట్టి రెండోది ఆన్ కాదు. పల్స్ ట్రెయిన్ ఇస్తే సరిపోతుంది. ‘పల్స్ ట్రెయిన్ ఎందుకు?’ అన్నది వైవాలో పాత ప్రశ్నే, జవాబు మాత్రం అందరూ బట్టీ కొట్టిందే చెబుతారు.

సిమ్యులింక్‌లో చేస్తుంటే పవర్‌జీయూఐ బ్లాక్ మరవకండి. అది లేకపోతే మోడల్ కదలదు.

10. ఇన్వర్టర్

ఇన్వర్టర్ అంటే డీసీని ఏసీ చేసేది. ముందు స్క్వేర్ వేవ్, తర్వాత సైన్ పీడబ్ల్యూఎమ్ (పల్స్ వెడల్పును సైన్ వేవ్ ప్రకారం మార్చడం). డీసీ 400 వోల్టులు, మాడ్యులేషన్ ఇండెక్స్ 0.8 అయితే ఫండమెంటల్ పీక్ 320, ఆర్‌ఎమ్‌ఎస్ 226 వోల్టులు. స్క్వేర్ వేవ్‌కు టీహెచ్‌డీ (ఫండమెంటల్‌తో పోలిస్తే హార్మోనిక్స్ మొత్తం) 48 శాతం చుట్టూ రావాలి.

ఎఫ్‌ఎఫ్‌టీ (వేవ్‌ఫామ్‌లో ఏ ఫ్రీక్వెన్సీ ఎంత ఉందో చూపే లెక్క) తీసేటప్పుడు పూర్తి సైకిళ్లు తీసుకోవాలి. ఎల్‌టీస్పైస్‌లో అయితే డేటా కంప్రెషన్ ఆపేయాలి, లేకపోతే లేని హార్మోనిక్స్ కనిపిస్తాయి. టీహెచ్‌డీ ఎన్నో హార్మోనిక్ దాకా లెక్కించారో రికార్డులో రాయించండి.

11. తరచూ వచ్చే చిక్కులు, వాటి మందు

- ‘సింగులర్ మ్యాట్రిక్స్’ అంటోంది. గ్రౌండ్ లేదు, లేదా ఏదో నోడ్ గాల్లో వేలాడుతోంది. ట్రాన్స్‌ఫార్మర్ సెకండరీ వైపు గ్రౌండ్ మరవడం మామూలే.
- ‘టైమ్ స్టెప్ టూ స్మాల్’ అని ఆగిపోయింది. ఇండక్టర్ కరెంట్‌ను ఆదర్శ స్విచ్ ఒక్కసారిగా తెంచుతోంది. స్విచ్‌కు 10 ఓమ్‌లు, 1 నానోఫారడ్ స్నబ్బర్ (స్విచ్‌కు అడ్డంగా సిరీస్‌లో రెసిస్టర్, కెపాసిటర్) పెట్టండి. రైజ్ టైమ్ కొంచెం పెంచండి.
- అవుట్‌పుట్ సున్నా, సోర్స్ కరెంట్ వేలల్లో. రెసిస్టర్ విలువ చూడండి. స్పైస్‌లో ఎమ్ అంటే, పెద్దక్షరమైనా చిన్నక్షరమైనా, మిల్లీ. మెగా కావాలంటే ఎమ్‌ఈజీ అని రాయాలి. 1 మెగాఓమ్ అనుకుని 1 మిల్లీఓమ్ పెట్టి ఉంటారు.
- కెపాసిటర్ పెట్టినా రిపుల్ తగ్గలేదు. విలువ పక్కన ఎఫ్ రాశారేమో. ఎఫ్ అంటే ఫెమ్టో. యూనిట్ అక్షరం అసలు రాయకపోతే గొడవే ఉండదు.
- కరెంట్ నెగెటివ్‌లో వస్తోంది. కాంపోనెంట్ తిరగబడి ఉంది. తీసి తిప్పి పెట్టండి. ట్రేస్ ముందు మైనస్ గుర్తు పెట్టి సర్దుకోనివ్వకండి.
- త్రిభుజంగా రావాల్సిన కరెంట్ గరుకుగా, మెట్లుమెట్లుగా ఉంది. టైమ్ స్టెప్ పెద్దది.
- పవర్ లెక్క కలవడం లేదు. ఎస్‌సీఆర్ సర్క్యూట్లలో ఆర్‌ఎమ్‌ఎస్ వోల్టేజ్‌ను ఆర్‌ఎమ్‌ఎస్ కరెంట్‌తో గుణిస్తే వచ్చేది పవర్ కాదు. క్షణక్షణపు లబ్ధానికి సగటు తీయాలి. ఈ రెండింటి నిష్పత్తే పవర్ ఫ్యాక్టర్ అని అక్కడికక్కడే చెప్పండి.
- అందరికీ ఒకే ప్రింట్ వచ్చింది. ఇది సాఫ్ట్‌వేర్ చిక్కు కాదు. మూడో అంచె మళ్లీ చదవండి.

12. తెర మీద నుంచి బెంచీ మీదకు

సిమ్యులేషన్ అలవాటైన పిల్లలు బెంచీ దగ్గర చేసే ప్రమాదకరమైన పని ఒకటుంది. తెర మీద ఏ రెండు నోడ్‌ల మధ్యనైనా వోల్టేజ్ చూడొచ్చు. సీఆర్‌వోతో అలా కుదరదు. రెండు చానెళ్ల గ్రౌండ్ క్లిప్పులూ లోపల ఒకటే, అదీ ఎర్త్‌కు కలిసి ఉంటుంది. ఒక క్లిప్ లోడ్ దగ్గర, ఇంకోటి ఎస్‌సీఆర్ క్యాథోడ్ దగ్గర పెడితే ఆ రెండు చోట్లనూ షార్ట్ చేసినట్టే.

కొన్ని ల్యాబ్‌లలో దీనికి మందుగా సీఆర్‌వో ప్లగ్ ఎర్త్ పిన్ తీసేస్తారు. దయచేసి ఆ పని చేయకండి, సీఆర్‌వో బాడీకే 230 వోల్టులు రావచ్చు. ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ వాడండి, రెండో చోట చూడాలంటే డిఫరెన్షియల్ ప్రోబ్ వాడండి. చేతులు కాలాక ఆకులు పట్టుకుని లాభం లేదు.

రెండోది వేడి. ఎల్‌టీస్పైస్‌లో మీరు మార్చకపోతే డివైస్‌లన్నీ 27 డిగ్రీల దగ్గరే ఉంటాయి. మే నెలలో కర్నూలు ల్యాబ్‌లో గాలే 40 దాటుతుంది, హీట్‌సింక్ సంగతి చెప్పక్కర్లేదు. మాస్‌ఫెట్ బాగా వేడెక్కితే ఆన్ రెసిస్టెన్స్ ఒకటిన్నర రెట్ల నుంచి రెండు రెట్ల దాకా పెరుగుతుంది. సిమ్యులేషన్‌లో ఆ రెసిస్టెన్స్‌ను రెట్టింపు చేసి మళ్లీ రన్ చేయించి, ఎఫిషియెన్సీ ఎంత తగ్గిందో రాయించండి.

సప్లై ఆన్ చేసే ముందు జంట చేతిలో ఉండాల్సినవి:

- సిమ్యులేషన్‌లో వచ్చిన గరిష్ఠ వోల్టేజ్, గరిష్ఠ కరెంట్, పక్కనే డివైస్ రేటింగ్
- సరైన ఫ్యూజ్, కరెంట్ లిమిట్ పెట్టిన సప్లై
- ప్రోబ్ ఎక్కడ, గ్రౌండ్ క్లిప్ ఎక్కడ అని గుర్తు పెట్టిన సర్క్యూట్ బొమ్మ
- ఇన్‌పుట్‌ను ఏ అంచెల్లో పెంచుతారో రాసిన వరస

13. రికార్డు, మార్కులు

రికార్డులో ఒక్కో ఎక్స్‌పరిమెంట్‌కు ఒక టేబుల్ చాలు. నాలుగు కాలమ్‌లు: చేతిలెక్క, ఆదర్శ సిమ్యులేషన్, అసలు డివైస్‌లతో సిమ్యులేషన్, బెంచీ రీడింగ్. కింద రెండు మూడు వాక్యాల్లో తేడాలకు కారణం. నాలుగు కాలమ్‌లలోనూ ఒకే అంకె ఉంటే ఆ జంటను పిలిచి మాట్లాడండి.

మార్కుల్లో పెద్ద వాటా చేతిలెక్కకు, తేడాల వివరణకు ఇవ్వండి. ప్రింట్‌కు నామమాత్రం. ముందు రాసిన ఊహ తప్పయినా, ఎందుకు తప్పిందో చెప్పగలిగితే పూర్తి మార్కులు వేయండి. అలా వేయకపోతే రన్ చేశాక వెనక్కి వచ్చి ఊహ రాసుకోవడం మొదలుపెడతారు. అది ఆపడం చాలా కష్టం.

వైవాకు కొత్త పద్ధతి ఒకటి పెట్టుకోవచ్చు. పిల్లల సొంత ఫైల్ తెరిచి, వాళ్లు చూడకుండా ఒక విలువ మార్చండి. ఇండక్టర్‌ను పదో వంతు చేయండి, లేదా డయోడ్ తిప్పి పెట్టండి. వేవ్‌ఫామ్ మాత్రం చూపించి ఏం మారిందో చెప్పమనండి. జంటకు ఐదు నిమిషాలు పడుతుంది. ముప్పై జంటలుంటే రెండు ల్యాబ్ సెషన్లుగా విడగొట్టుకోండి, లేకపోతే సాయంత్రం బస్సు దాటిపోతుంది.